ఇల్లు ఊడ్చుటయు మనస్సు ఊడ్చుటయు



మన తోటలలో నివసించు కుటుంబములకు ఇల్లు మారుట క్రొత్త సంగతి కాదు. మన పితామహులు ఓడ దిగిన దినము మొదలుకొని ఒక తోటనుండి మరియొక తోటకు, ఒక లైనునుండి మరియొక లైనుకు మూటలు మోయుచునే యున్నాము. అయితే గడచిన కొన్ని సంవత్సరములుగా ఈ మలేషియా దేశమందు అనేక తోటలు అమ్ముడుపోయి, రబ్బరు చెట్లుండిన చోట ఇండ్ల స్థలములును కర్మాగారములును వెలయుచున్నవి. అందుచేత తరతరములుగా లైను ఇండ్లలో నున్నవారు పట్టణపు అంతస్తుల ఇండ్లకు పోవలసి వచ్చుచున్నది. అట్లు పోవువారు తరుచుగా నన్నడుగు ప్రశ్న యొక్కటే: "పంతులుగారూ, ఏది తీసుకొని పోవాలి? ఏది విడిచిపెట్టాలి?" ఈ ప్రశ్న సామానును గురించి యడుగబడినను సామానుతో ముగియునది కాదు. దానిని అడుగుచున్నవాని ముఖము చూచినయెడల, అతడు మోయుచున్న బరువంతయు బండిమీద ఎక్కునది కాదని తెలియును. కావున ఈ నెల పత్రికలో ఈ ప్రశ్నకు నాకు తోచిన ప్రత్యుత్తరమును మీ యెదుట పెట్టుచున్నాను.

మొదట, మనము వస్తువులను ఏల పోగుచేయుదుమో తెలిసికొనవలెను. ధనవంతుడు డంబముచేత పోగుచేయును. లూకా సువార్త 12వ అధ్యాయములోని ధనవంతుడు తన కొట్లు చాలవని వాటిని విప్పి గొప్పవాటిని కట్టింపదలచెను. కాని మన లైనులలో పోగుపడునది డంబము వలన కాదు, భయము వలన. మన తలిదండ్రులు రోజుకూలి మీద బ్రదికినవారు. తెల్లవారుజామున వాన కురిసినచో చెట్టు బెరడు తడియును. బెరడు తడిసినచో పాలు గీయుటకు వీలులేదు. పాలు లేనిచో కూలి లేదు. అట్టి యింటిలో పగిలిన కుండయు, తుప్పుపట్టిన రేకును, చక్రము లేని సైకిలును "ఎప్పుడైనా పనికి వచ్చును" అని దాచుట వింత కాదు. దానిని చూచి నవ్వువాడు ఆకలి నెరుగనివాడు. అయినను సత్యము చెప్పవలెను: భయముచేత దాచినది భయమును తగ్గించదు. ఇల్లు నిండిన కొలది భయము పెరుగునే గాని తగ్గుట నేను చూడలేదు.

మా నాయనమ్మకు ఒక రేకుపెట్టె యుండెను. మా తాతగారు విశాఖపట్టణపు ప్రాంతమునుండి కంగాణీ వెంట ఈ దేశమునకు వచ్చినప్పుడు తెచ్చిన పెట్టె యది. 1938వ సంవత్సరములో భారత ప్రభుత్వమువారు కూలివారిని మలయాకు పంపుట నిలిపివేసిరి; దానికి కొంచెము ముందుగా వచ్చినవారిలో ఆయన యొకరు. ఆ పెట్టె మంచము క్రింద నుండెడిది. దానిమీద ఎవ్వరును చేయి వేయరాదు. చిన్నతనములో మేము దానిని తాకబోయిన "ఒరే, అది మీ తాత సొత్తురా" అని ఆమె గద్దించెడిది. ఆమె ప్రభువునందు నిద్రించిన తరువాత మా నాయనయు నేనును దానిని తెరచితిమి. అందులో ఒక చీర, తాతగారి రబ్బరు కత్తి, ఖాళీ మందు సీసాలు కొన్ని, అడుగున పాత గుడ్డలో చుట్టిన నోట్ల కట్ట యొకటి యుండెను.

అవి జపానువారి కాలపు నోట్లు. 1941 డిశంబరులో జపాను సైన్యము ఈ దేశముమీదికి వచ్చి 1945 వరకు ఏలెను. వారు అచ్చువేసిన పది డాలర్ల నోటుమీద అరటిచెట్టు బొమ్మ యుండుటచేత జనులు వాటిని అరటిచెట్టు నోట్లని పిలిచిరి. బియ్యము దొరకక కర్రపెండలము తిని బ్రదికిన దినములవి. ఆ కాలమున వేలకొలది తోటకూలీలు సయాము రైలుమార్గపు పనికి తీసికొనిపోబడిరి. మా తాతగారును 1943లో అట్లు పోయి మరల రాలేదు. పోవుటకు ముందు ఆయన సంపాదించిన కూలియే ఆ నోట్ల కట్ట. 1945లో జపానువారు లొంగిపోగా ఆ నోట్లన్నియు వట్టి కాగితములాయెను. వాటితో ఒక ఉప్పురాయినైనను కొనుటకు వీలులేదు. అయినను మా నాయనమ్మ వాటిని ఏబది సంవత్సరములు దాచెను. అవి ఎప్పటికైనను చెల్లునని ఆమె ఆశపడెనో, లేక వాటిని విడిచినచో ఆయనను విడిచినట్లగునని తలంచెనో, ఆమె చెప్పలేదు, మేము అడుగలేదు.

మా నాయన ఆ నోట్లను చేతబట్టుకొని చాలసేపు కూర్చుండెను. ఆయన మూడేండ్ల పిల్లవాడైయుండగా తండ్రిని పోగొట్టుకొనినవాడు. కడకు ఒక నోటును తీసి తన బైబిలులో పెట్టుకొనెను. తక్కినవాటిని పెరటిలో కాల్చివేసెను. రబ్బరు కత్తిని నాకిచ్చెను. ఆ పెట్టెకు రంగు వేయించి, ఆదివారపు బడి పుస్తకములను పలకలను అందులో పెట్టుమని చెప్పెను. నేటికిని అవి అందులోనే యున్నవి. ఆయన చేసిన ఆ పనిని నేను అనేక పర్యాయములు ధ్యానించితిని. ఏది చెల్లనిదో, ఏది జ్ఞాపకార్థమైనదో, ఖాళీయైన పెట్టె ఎవరిదో, ఈ మూడింటిని ఆయన ఒక్క సాయంకాలమున తీర్మానించెను. నేను ఈ వ్యాసములో చెప్పదలచినది ఈ మూడు మాటలనే.

చెల్లని నోట్లు

ఆ రేకుపెట్టె వంటి పెట్టె ప్రతివాని మనస్సులోను ఒకటి కలదు. అందులో నేమున్నవి? ఇరువది సంవత్సరముల క్రిందట పెండ్లిపందిట్లో జరిగిన అవమానము. పేరుపెట్టి పిలువకుండ కేకవేసిన కంగాణీ తిట్టు. అన్న తనకు తెలియకుండ అమ్మిన ఆవు. ప్రక్క యింటివాని క్రొత్త మోటారుసైకిలును చూచినప్పుడు పుట్టిన మంట. దుకాణపువానికి తీర్చవలసిన బాకీని గూర్చి రేయింబవళ్లు చేయు లెక్క. ఇవి యన్నియు ఒకప్పుడు నిజముగా జరిగినవే. ఆ నోట్లును ఒకప్పుడు చెల్లినవే. అయితే వాటిని అచ్చువేసిన దొరతనము పోయినది. క్రీస్తునందున్నవారి మీద పాత ఏలిక ఇక లేదని మనము నమ్ముచున్నాము. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయములో, మనకు విరోధముగా నుండిన ఋణపత్రము సిలువకు మేకులతో కొట్టబడినదని అపొస్తలుడు బోధించుచున్నాడు. మన అప్పుపత్రము అట్లు కొట్టివేయబడియుండగా, మనము ఇతరుల అప్పుపత్రములను మాత్రము గుడ్డలో చుట్టి మంచము క్రింద దాచుట ఎట్లు తగును?

ఒక తోటలో పెద్దవాడొకడు ఇల్లు మారుటకు ముందు ఒక వ్రాతపుస్తకమును నాయొద్దకు తెచ్చెను. తన తమ్ముడు తనకు చేసిన అన్యాయములన్నియు తేదీలతో అందులో వ్రాసియుంచెను. ఆ అన్నదమ్ములు ఒకే గోడకు ఇరుప్రక్కల నివసించుచు పదునొకండు సంవత్సరములుగా మాటలాడుకొనుట లేదు. "పంతులుగారూ, దీన్ని జాగ్రత్తగా దాచండి. నేను పోయాక నా కొడుకు చూసుకుంటాడు" అని యతడు చెప్పెను. "పెద్దయ్యా, అబ్బాయి క్రొత్త యింటికి పోవునప్పుడు వాని నెత్తిమీద ఈ మూట కూడ పెట్టుదువా?" అని నేనడిగితిని. అతడు ఏమియు పలుకక పుస్తకము తీసికొని పోయెను. మూడు దినములైన తరువాత దానిని తమ్మునికే యిచ్చెనని వింటిని. తమ్ముడు ఆ రాత్రి వచ్చి, అన్నతో కూర్చుండి అన్నము తినెను. వారు ఎక్కువగా మాటలాడలేదట. అయితే మరుసటి వారము ఇద్దరి సామానును ఒకే లారీమీద పోయినది. లారీ కిరాయిలో సగము మిగిలెనని తమ్ముడు నాతో చెప్పి నవ్వెను. అంతకంటె గొప్ప మిగులు వారికి కలిగెనని మీరే గ్రహింతురు.

పండ్రెండు రాళ్లు

అయితే పాతదంతయు చెత్త కాదు. ఈ మాట ముఖ్యముగా యౌవనస్థులకు చెప్పుచున్నాను. క్రొత్త యింటికి పోవు ఉత్సాహముతో ముసలివారి వస్తువులను వీధిలో పారవేసిన కుటుంబములను నేనెరుగుదును. ఆ యిండ్లలో ముసలివారు అటుతరువాత ఎక్కువ మాటలాడలేదు. యెహోషువ గ్రంథము 4వ అధ్యాయములో, ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు నదిమధ్యనుండి పండ్రెండు రాళ్లను ఎత్తి తెచ్చి గిల్గాలులో నిలువబెట్టవలెనని దేవుడు ఆజ్ఞాపించెను. ఆ రాళ్లేమని పిల్లలు అడిగినప్పుడు తండ్రులు ఆ కథ చెప్పవలెను. జ్ఞాపకార్థము దాచుట దేవుడు నేర్పిన పనియే. అయితే గోత్రమునకొక రాయి చొప్పున పండ్రెండే తెమ్మనెను. నది యడుగున నున్న రాళ్లన్నియు మోయుమనలేదు. ఆ రాళ్లను కొట్టులో దాచుమనియు చెప్పలేదు. పిల్లలు చూచి ప్రశ్నించు చోట నిలుపుమనెను. ఇదియే పరీక్ష. ఒక వస్తువును చూపి పిల్లలకు దేవుని మేలును చెప్పగలిగిన యెడల అది రాయి. దానిని ఇంటిల్లిపాది చూడబడని చోట నిలుపుడి. చెప్పుటకు కథ లేక, చూచుటకు మనస్సు లేక, కేవలము విడుచుటకు భయపడి దాచినదైతే అది బరువు. మా నాయన బైబిలులోని ఆ ఒక్క నోటును చూచి నా పిల్లలు వారి ముత్తాత కథ అడిగిరి. కట్టంతయు పెట్టెలో నున్నప్పుడు ఎవ్వరును అడుగలేదు.

ఖాళీయైన గది ఎవరిది?

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాటకు వచ్చుచున్నాను. ఇల్లు శుభ్రపరచుటతో పని ముగిసినదని తలంచువారు మోసపోవుదురు. లూకా సువార్త 11వ అధ్యాయములో మన ప్రభువు ఒక యింటి సంగతి చెప్పెను. దానినుండి అపవిత్రాత్మ వెడలిపోయెను. ఇల్లు ఊడ్చబడి అమర్చబడియుండెను. కాని దానిలో కాపురముండువాడు లేకపోయెను. కావున పోయినది తనకంటె చెడ్డవైన మరి యేడింటిని వెంటబెట్టుకొని మరలి వచ్చెను. ఊడ్చుట తప్పని ప్రభువు చెప్పలేదు. ఊడ్చి ఊరకుండుట అపాయకరమని చెప్పెను.

తోటలలో పనిచేసిన మనకు ఈ ఉపమానము అర్థముకాక పోదు. ఈ దేశపు చలిజ్వరము కథయే దీనికి దృష్టాంతము. 1897వ సంవత్సరము ఆగస్టులో రొనాల్డు రాసు అను వైద్యుడు మన సికింద్రాబాదులో దోమ కడుపునందు మలేరియా క్రిమిని కనుగొనెను. 1901లో మాల్కము వాట్సను అను వైద్యుడు ఇక్కడి క్లాంగు పట్టణమునకు వచ్చి, ఆ జ్ఞానమును పనిలో పెట్టి, చుట్టునున్న అడవిని కొట్టించి, బురదనేలలకు కాలువలు త్రవ్వించి నీరు తీయించెను. కొద్దికాలములోనే జ్వరమును మరణములును మిక్కిలి తగ్గెను. అది చూచి, అడవి కొట్టిన చాలునని అనేకులు తలంచిరి. కాని కొండనేలల తోటలలో అడవి కొట్టగా జ్వరము తగ్గుటకు మారుగా హెచ్చెను! ఏలయనగా అక్కడి జ్వరపు దోమ జాతి వేరు. అది నీడలో గాక, ఎండ తగులు తేటయైన సెలయేటి నీటిలో పెరుగునది. చెట్లు పోగా వాగులమీద ఎండ పడెను. దోమకు మంచి నివాసము దొరికెను. వాట్సను దీనిని కనిపెట్టి, ఆ నీటిని నేలలోపలి గొట్టములగుండ పోవునట్లు చేయించెను. తెరపినున్న నీటిమీద నూనె చల్లించెను. అప్పుడే కొండతోటలలో జనులు బ్రదికిరి. చూచితిరా! ఒక దోమను తరిమి నేలను విడిచిపెట్టగా దానికంటె చెడ్డది వచ్చి చేరెను.

కలుపు సంగతియు అట్టిదే. 20వ శతాబ్దపు తొలి దశలలో తోటల యజమానులు రబ్బరు చెట్ల నడుమ ఒక్క గడ్డిపరకయైన లేకుండ నేలను గీయించిరి. చూచుటకు అది అందముగా నుండెను. కాని ఈ దేశపు వానలకు ఆ బట్టనేల నిలువలేదు. సారవంతమైన పైమన్ను కొట్టుకొనిపోయెను. లాలాంగు గడ్డిని ఎంత కోసినను అది మరల మొలచునని మీకు తెలియును. దాని వేరు నేలలో ప్రాకుచుండును. కొంతకాలమునకు తోటలవారు బుద్ధి తెచ్చుకొని, చిక్కుడు జాతి తీగలను చెట్ల నడుమ నాటించిరి. ఆ తీగ నేలను కప్పి, మన్నును పట్టి, దానికి సారము నిచ్చును. దాని నీడలో లాలాంగు బలహీనమగును. కత్తి చేయలేని పనిని తీగ చేసెను. నా సహోదరులారా, మనస్సులోని కలుపునకును ఇంతకంటె మంచి ఉపాయము నేనెరుగను. "ఇక కోపపడను, ఇక చింతపడను" అని గీచి గీచి బట్టనేల చేసికొనువాడు మొదటి వానకే మన్ను పోగొట్టుకొనును. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయములో పౌలు చింత విడువుమని చెప్పి ఊరకుండలేదు; చింతకు మారుగా ప్రార్థనను, కృతజ్ఞతను నాటుమనెను; తరువాత సత్యమైనవి, పవిత్రమైనవి, రమ్యమైనవి ఏవో వాటిని తలంచుకొనుచుండుడని వరుసగా చెప్పెను. అది నేలను కప్పు తీగ.

ఖాళీయైన గది ఎవరిదో నెహెమ్యా గ్రంథము 13వ అధ్యాయము స్పష్టముగా చూపుచున్నది. నెహెమ్యా యెరూషలేములో లేని సమయమున, యాజకుడైన ఎల్యాషీబు దేవాలయమందలి ఒక పెద్ద గదిని తన బంధువగు టోబీయాకు ఇచ్చివేసెను. అది వట్టి గది కాదు. నైవేద్యమును, సాంబ్రాణియు, పాత్రలును, లేవీయులకు రావలసిన ధాన్యమును ద్రాక్షారసమును నూనెయు ఉంచు గది. టోబీయా సామాను లోపలికి వచ్చినది; దేవుని సామాను బయటికి పోయినది. అంతటితో ఆగలేదు. ఆ కాలముననే లేవీయులకు భాగము అందకపోయెను. వారు దేవుని సేవ విడిచి పొలములకు పోయి బ్రదుకవలసి వచ్చెను. నెహెమ్యా తిరిగి వచ్చి టోబీయా సామానంతయు వెలుపల పారవేయించెను; గదులను శుద్ధిచేయించెను; పిమ్మట పాత్రలను, నైవేద్యమును, సాంబ్రాణిని మరల లోపలికి తెప్పించెను. పారవేయుట, శుద్ధిచేయుట, మరల తెచ్చుట అను ఈ మూటిలో మనము తరుచుగా మొదటిదానినే చేయుదుము; ఒక్కొక్కప్పుడు రెండవది చేయుదుము; మూడవది మరచిపోవుదుము.

ఈ కథను చదివినప్పుడెల్ల నాకొక బాలిక జ్ఞాపకమునకు వచ్చును. ఆమె మా బడిలో నాలుగవ తరగతి చదువుచుండెను. తెలివిగలదే గాని యింటి పాఠములు వ్రాసికొని వచ్చెడిది కాదు. సంగతి తెలిసికొనుటకు సాయంకాలమున ఆ యింటికి పోతిని. ముందుగదిలో పనిచేయని దూరదర్శనులు రెండు, వాటి అట్టపెట్టెలు, మేనమామ దాచుమని విడిచిన సామాను, కాళ్లు విరిగిన కుర్చీలు కప్పువరకు పేర్చబడియుండెను. ఆ పిల్ల వెలుపల మెట్టుమీద దోమలలో కూర్చుండి, చీకటి పడువరకు వ్రాసి, చీకటి పడగానే పుస్తకము మూసివేయుచుండెను. తలిదండ్రులు చెడ్డవారు కారు. ఆ సామాను ఎవరి స్థలమును ఆక్రమించెనో వారికి తోచలేదు. మన యింటిలో ఊరక పడియున్న ప్రతి వస్తువు క్రింద ఎవరో యొక లేవీయుని భాగము అణగియుండును. మేనమామ వచ్చి తన సామానును తీసికొనిపోయిన తరువాత, కిటికీ ప్రక్కన ఒక చిన్న బల్ల వేసిరి. తల్లి ఆ బల్లమీద ఒక దీపము పెట్టెను. పిల్ల చదువుకొనిన తరువాత ఇంటివారందరును అక్కడనే కూడి రాత్రి ప్రార్థన చేసికొనుట ఆ నెలనుండి ఆరంభమాయెను. కూడుటకు చోటు లేకపోవుటచేతనే అంతవరకు ఆ ప్రార్థన లేకపోయెనని తండ్రి నాతో చెప్పెను.

ప్రతిదినపు పని

ఈ శుద్ధి సంవత్సరమునకొకసారి, క్రిస్మసు పండుగకు గోడలకు సున్నము వేయునట్లు చేయు పని కాదు. పాలు గీసినవారికి ఇది తెలియును. తెల్లవారకముందు చల్లని వేళ చెట్టుయొద్దకు పోయినప్పుడు మనము మొట్టమొదట కత్తి పెట్టము. నిన్నటి గీతమీద ఎండిన రబ్బరు పీచును లాగివేయుదుము. చిప్పలో గడ్డకట్టినదానిని తీసివేయుదుము. అటుపిమ్మటనే నేటి గీత గీయుదుము. నిన్నటిది తీయక గీసినయెడల నేటి పాలు దారితప్పి బెరడుమీద కారిపోవును. నిర్గమకాండము 16వ అధ్యాయములో ఉదయమువరకు మిగిల్చిన మన్నా పురుగుపట్టి కంపుకొట్టెను. నిన్నటి దయను దాచుకొని బ్రదుకుట దేవుడు మనకు నియమింపలేదు. కావున ఉదయ ప్రార్థనయందు మొదట నిన్నటి పీచును లాగివేయుడి: నిన్నటి కోపము, నిన్నటి నష్టము, నిన్నటి పొగడ్తయు కూడ. ఇంకొక సంగతి గమనింపుడి. ఆ పీచును మనము నేలపాలు చేయము. సంచిలో వేసి తూకమునకు ఇత్తుము. దానికిని వెల కలదు. అట్లే మన యింటినుండి తీయునదంతయు చెత్తకుండీలో వేయదగినది కాదు. మనకు పనికిరాని చొక్కా ప్రక్క లైనులో క్రొత్తగా వచ్చిన కూలివానికి పనికి వచ్చును. అతడు బంగ్లాదేశమువాడైనను ఇండోనేషియావాడైనను, మన తాతలవలెనే ఒక పెట్టెతో ఓడరేవు దాటి వచ్చినవాడే గదా.

పనిని తేలికపరచుటకు కొన్ని మాటలు చెప్పెదను. శనివారము సాయంకాలము ఒక్క గంట ఇంటివారందరు కలిసి చేయుడి. ఇల్లంతయు ఒకేసారి మొదలుపెట్టకుడి. ఒక మూలతో ఆరంభించుడి. ఒక్కొక్క వస్తువును చేతబట్టి మూడు ప్రశ్నలు అడుగుడి: ఇది ఈ సంవత్సరము ఎవరికైన సేవ చేసెనా? ఇది మరియొకరిదా? దీనిని చూపి పిల్లలకు చెప్పుటకు కథ కలదా? మరియొకరిదైన దానిని మొదట తిరిగి యిచ్చివేయుడి. అరువు తెచ్చిన రోలు అయినను, అరువు తెచ్చిన పది రింగిట్లయినను సరే. ముసలివారి వస్తువులను వారి చేతనే తీయింపుడి. వారికి వినుటకు ఓపిక చూపుడి. పెరటిలోని డబ్బాలు, కొబ్బరిచిప్పలు, పాత టైర్లు మొదట తీయుడి. డెంగీ జ్వరము తెచ్చు దోమ వాటిలోని వాననీటిలోనే గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమ యగుటకు సుమారు 7 మొదలు 10 దినములు చాలును. దోమలు పెరుగుటకు తావిచ్చినవారికి 1975వ సంవత్సరపు చట్టము ప్రకారము ఈ దేశమందు జరిమానాయు కలదు. అయితే నీరు పారబోసిన చాలదు. ఆ గ్రుడ్లు పాత్ర గోడకు అంటుకొని, ఎండినను నెలలకొలది బ్రదికియుండి, మరల నీరు తగిలిన దినమున పిగులును. కావున తొట్లను వారమునకొకసారి పీచుతో తోమవలెను. పైపైని "క్షమించితిని" అని చెప్పి లోపల తోమని హృదయమును గూర్చి నేను వేరుగ చెప్పనక్కరలేదు.

ఇల్లు శుభ్రముగా నుంచుకొనుట అన్యులును చేయుదురు. కొందరు మనకంటె బాగుగా చేయుదురు. మరి విశ్వాసికి ఎక్కువ యేమి? ఇదియే: విశ్వాసి భయమును కూడ బయటికి పంపగలడు. రేపటి కూలి తెలియనివాడు నేటి పగిలిన కుండను విడువలేడు. రేపటిని ఎరిగిన తండ్రి తనకు కలడని నమ్మువాడు విడువగలడు. మత్తయి సువార్త 6వ అధ్యాయములో చిమ్మటను తుప్పును గూర్చి చెప్పిన ప్రభువు, ఆ వెంటనే ఆకాశపక్షులను గూర్చియు అడవిపువ్వులను గూర్చియు చెప్పెను. పోగుచేయవద్దను ఆజ్ఞయు, మీ తండ్రి మీ అక్కర నెరుగునను వాగ్దానమును ఒకే ప్రసంగములో ఉన్నవి. ఆజ్ఞను మాత్రమే పట్టుకొనువానికి ఇల్లు బట్టనేల యగును. వాగ్దానమును కూడ పట్టుకొనువాని నేలను తీగ కప్పును.

తోటలు విడిచి పోవుచున్న నా ప్రియులారా, మీ క్రొత్త యిండ్లు చిన్నవనియు, మెట్లెక్కవలెననియు, పెరడు లేదనియు మీరు దుఃఖించుచున్నారు. ఆ దుఃఖము న్యాయమైనది. మీ తాతలు అడవి కొట్టి, చెట్టు నాటి, పాలు తీసిన నేలను మీరు వట్టిచేతులతో విడుచుచున్నారు. అయితే ఆ చిన్న యింటిలో ఒక మూలను దేవునికొరకు ఖాళీగా ఉంచుడి. ఒక చాప, ఒక దీపము, ఒక బైబిలు, పిల్లలు వ్రాసికొను ఒక బల్ల, దానికి ఇంతకంటె సామాను వలదు. లారీలో చోటు చాలక ఏదైన విడువవలసి వచ్చినయెడల మంచమునైనను విడువుడి గాని ఆ మూలను విడువకుడి.

పరలోకమందున్న తండ్రీ, మా యిండ్లలోను హృదయములలోను టోబీయా సామాను ఎక్కడెక్కడ నున్నదో మాకు చూపుము. దానిని బయటవేయుటకు ధైర్యమును, శుద్ధిచేయుటకు ఓపికను, నీవు ఉండుటకు వచ్చినప్పుడు చోటు చూపుటకు ఆనందమును దయచేయుము. ఇల్లు మారువారి వెంట నీవే నడువుము. ఆమేన్.